మెడకు సెగ, అడుగుకు నీళ్ళు

ఈ వారం ఉత్తరం హనుమకొండ నుంచి వచ్చింది. రాసినాయన వయసు 64. పేరు వేయవద్దన్నారు.

ఆయనది పెంబర్తి పక్క ఊరు. పన్నెండో ఏట సుత్తి పట్టి నలభై ఏళ్ళకు పైగా ఇత్తడి రేకు పని చేశారు. గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు తొడుగులు, దేవుళ్ళకు ప్రభావళులు, ఇళ్ళకు చెంబులు, బిందెలు. మోకాళ్ళు పట్టేసి కూర్చోలేక ఐదేళ్ళ కింద పని మానేసి, భార్యతో హనుమకొండలో ఉంటున్నారు. ఒక్కడే కొడుకు. "ఈ మసిల నేను కూసోను బాపూ" అని ఇంటర్ చదివేటప్పుడు అన్నాడట. చదువుకుని టెక్సస్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడ్డాడు. భార్య, నాలుగేళ్ళ కూతురు ఉన్నారు.

కొడుకు ఏడాదిన్నర కింద .308 రైఫిల్ కొని, శని ఆదివారాల్లో రేంజికి వెళ్ళి కాగితపు గురి మీద కాల్చడం అలవాటు చేసుకున్నాడు. ఈ మధ్య కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలను గ్యారేజీలో మళ్ళీ నింపుకోవడం మొదలుపెట్టాడు. దాన్ని రీలోడింగ్ అంటారు. పదింట మూడు గొట్టాలకు మెడ దగ్గర సొట్టలు పడుతున్నాయి. వీడియో కాల్‌లో ఒక గొట్టాన్ని కెమెరా ముందు తిప్పి చూపిస్తూ, "బాపూ, ఇది ఇత్తడే కదా. నీకు తెల్వదా?" అని అడిగాడు.

"ఇరవై ఏండ్లల్ల వాడు నా పని గురించి నన్ను అడగడం ఇదే మొదటిసారి" అని రాసి, ఆ వాక్యం కింద గీత గీశారు ఈయన.

ఆ సంతోషంలో వెంటనే చెప్పేశారు: "మొత్తం ఎర్రగ కాల్చి నీళ్ళల్ల ముంచు. మెత్తబడ్తది. అప్పుడు సొట్ట అదే పోతది." వచ్చే ఆదివారం చేస్తానన్నాడు కొడుకు. ఫోన్ పెట్టేశాక ఈయనకు భయం పట్టుకుంది. ఇత్తడి తెలుసు గానీ తుపాకీ తెలియదు. తన మాట విని చేస్తే వాడి చేతిలో ఏమైనా పేలితే? ఇంట్లో భార్య మాట్లాడటం మానేసింది. "పసిపిల్ల తిరిగే ఇంట్ల తుపాకేంది, దానికి మీరు సలహాలు చెప్పుడేంది" అని ఆమె కోపం. దసరాకు వస్తున్న కొడుకేమో, "పది గొట్టాలు సూట్‌కేసులో పట్టుకొస్తా, చేత్తో చూద్దువు" అన్నాడు. తన సలహా సరైనదేనా, కొడుక్కి సాయం చేయాలా, ఊరుకోవాలా, భార్యకు ఏం చెప్పాలి అని అడుగుతూ, కొడుకు వాట్సాప్‌లో పంపిన ఎనిమిది ఫోటోలు జతచేశారు.

అన్నా,

మిగతా ఉత్తరం తరువాత చదవండి. ముందు కొడుక్కి ఫోన్ చేసి, మొత్తం గొట్టాన్ని కాల్చవద్దని చెప్పండి. ఇప్పటికే కొన్ని కాల్చి ఉంటే వాటిని నింపవద్దనండి. ప్లాస్‌తో మెడలు నలిపేసి తుక్కులో వేయమనండి. మామూలుగా పారేస్తే ఎవరైనా ఏరుకుని వాడే ప్రమాదం ఉంది.

మీ సలహా ఇత్తడి పనిలో తప్పు కాదు. మీ చేతి కింద రేకు దెబ్బలకు బిగుసుకుపోయినప్పుడల్లా మీరు చేసింది అదే. కాల్చి, చల్లార్చి, మళ్ళీ లక్క మీద పెట్టి కొట్టారు. ఆ రేకు అంతటా ఒకే తీరుగా మెత్తబడాలి. తూటా గొట్టం అలా కాదు. దాని మెడ మెత్తగా, అడుగు గట్టిగా ఉండేలా ఫ్యాక్టరీలోనే తయారుచేస్తారు. తుపాకీ పేల్చినప్పుడు మెడ ఒక్క క్షణం ఉబ్బి, తుపాకీలో తూటా కూర్చునే గది గోడకు అంటుకుని, పొగ వెనక్కి రాకుండా మూస్తుంది. అందుకు అది మెత్తగా ఉండాలి. అడుగు మాత్రం గదిలో పూర్తిగా ఇమడదు. వెనక కొంత భాగానికి చుట్టూ ఇనుప గోడ ఆసరా ఉండదు. అక్కడ ఒత్తిడిని ఆపేది ఆ ఇత్తడి గట్టితనమే. .308 తూటాకు అమెరికాలో పెట్టుకున్న గరిష్ఠ ఒత్తిడి 62,000 పీఎస్‌ఐ. మన కారు టైరులో గాలి 30 నుంచి 35 పీఎస్‌ఐ ఉంటుంది. అంతటి ఒత్తిడి ముందు, కాల్చి మెత్తబరిచిన అడుగు నిలవదు. అది తెగితే వేడి గ్యాసు వెనక్కి, కాల్చేవాడి ముఖం వైపు వస్తుంది.

కాబట్టి మీకు పట్టుకున్న భయం న్యాయమైనదే. కానీ ఆ భయంతో నోరు మూసుకోవాల్సిన పని లేదు. ఈ పనిలో సగం మీకు నిజంగానే తెలుసు, అదీ కొడుకుకంటే బాగా తెలుసు. మిగతా సగం తెలియదు. గీత ఎక్కడ గీయాలన్నదే అసలు విషయం.

నేను లోహాల ల్యాబులో ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి. ఇత్తడి ముక్కల్ని కోసి, నున్నగా రుద్ది, మైక్రోస్కోపు కింద చూడటమే నా పని. తూటా గొట్టాలకు వాడేది 70 పాళ్ళ రాగి, 30 పాళ్ళ జింకు కలిసిన ఇత్తడి. మెడ దగ్గర గోడ మందం దాదాపు 0.38 మిల్లీమీటర్లు. అంటే మీ లెక్కలో 28 గేజి రేకు. ఎన్ని వేల దెబ్బలు కొట్టి ఉంటారో మీరు ఆ మందం మీద. ఆ గొట్టాన్ని నిలబెట్టి చూస్తే బుల్లి బిందెలాగే ఉంటుంది. అడుగు, పొట్ట, భుజం, మెడ, మూతి. రీలోడింగ్ చేసేవాళ్ళు కూడా ఇంగ్లీషులో మెడ, భుజం, మూతి అనే అంటారు. అందుకే కొడుకు చూపించగానే మీకు సొంత వస్తువులా అనిపించింది.

ఇక సొట్టలు. ఎనిమిది ఫోటోలూ పెద్దవి చేసి చూశాను. మీ అబ్బాయి అన్నిటినీ ఒకే జబ్బు అనుకుంటున్నాడు. నాకు కనీసం మూడు రకాలు కనిపించాయి. మూడింటికీ కారణాలు వేరు.

మొదటి రెండు ఫోటోల్లో సొట్ట నిజానికి మెడ మీద లేదు, దాని కింద భుజం మీద ఉంది. వేలితో నొక్కినట్టు నున్నగా, అంచులు లేకుండా ఉంది. ఇది నూనె సొట్ట. కాల్చాక ఉబ్బిన గొట్టాన్ని మళ్ళీ కొలతకు తేవడానికి డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కుతారు. ఇరుక్కుపోకుండా పైన నూనెలాంటిది రాస్తారు. కొత్తవాళ్ళు ఇరుక్కుంటుందేమోనన్న టెన్షన్‌లో ఎక్కువ పూస్తారు. ఆ నూనె పోవడానికి దారి లేక డైలో భుజం దగ్గర చేరుతుంది. నూనె నలగదు కదా, ఇత్తడి నలుగుతుంది. మైనం ఎక్కువైనచోట రేకు మీ అచ్చుకు అంటకపోవడం మీరు చూసే ఉంటారు, ఇదీ అలాంటిదే. డై విప్పి లోపల శుభ్రంగా తుడిచి, దాని పక్కనున్న సన్నటి గాలి రంధ్రం మూసుకుపోయిందేమో చూసుకోమనండి. నూనె రెండు వేళ్ళకు పలచగా అంటుకునేంత చాలు. భుజానికి, మెడకు బయట రాయనక్కర్లేదు. ఇలాంటి లోతులేని నున్నటి సొట్ట తరువాత కాల్చినప్పుడు లోపలి ఒత్తిడికి అదే సర్దుకుంటుంది. మడత పడినట్టు పదునైన అంచు ఉంటే మాత్రం ఆ గొట్టం పనికిరాదు. గీత పడిన రేకు ఆ గీత దగ్గరే చీలుతుందని మీకు నేను చెప్పాలా?

మూడు, నాలుగు, ఆరో ఫోటోల్లో మూతి నెలవంకలా లోపలికి ఒంగింది. ఇది దెబ్బ తగిలిన సొట్ట. రేంజిలో నేల మీద పడి ఉన్న గొట్టాలు కొన్ని ఏరుకొచ్చాడని మీరే రాశారు. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు ఖాళీ గొట్టాన్ని జోరుగా విసిరేస్తాయి. అది తుపాకీ అంచుకో సిమెంటు నేలకో తగిలి మూతి ఒంగుతుంది. మీ అబ్బాయిది చేత్తో బోల్టు లాగే రైఫిల్ కాబట్టి, ఇవి ఎక్కువగా ఆ ఏరుకొచ్చినవే అయి ఉండాలి. వీటిని నేరుగా డైలో పెడితే మధ్యలో ఉండే కడ్డీకి మూతి తగులుకుని సొట్ట కాస్తా మడత అవుతుంది. ముందు సన్నగా మొదలై లావయ్యే నున్నటి ఉక్కు కడ్డీని మూతిలోకి మెల్లగా దింపి, తిప్పుతూ గుండ్రం చేసుకోవాలి. అక్కడ దీనికోసం మాండ్రెల్ అని అమ్ముతారు. ఇది పూర్తిగా మీ విద్య. చెంబు మూతి సరిచేసేటప్పుడు మీ మణికట్టు ఎలా తిరుగుతుందో, ఎక్కడ ఆపుతారో వీడియో తీసి పంపితే వాడికి పుస్తకంలో దొరకని పాఠం అవుతుంది.

అయితే ఇక్కడ ఒక ఎంపిక ఉంది. ఎవరో ఎన్నిసార్లు కాల్చారో తెలియని గొట్టాలను బాగుచేసుకోవడమా, వాటిని పక్కన పెట్టి తానే కొత్తగా కొని కాల్చినవాటినే వాడుకోవడమా? బాగుచేస్తే డబ్బు మిగులుతుంది, పని చేతికి వస్తుంది. కానీ వాటి వయసు తెలియదు. పాత గొట్టాలకు అడుగుకు కాస్త పైన, పొట్ట చుట్టూ లోపల గోడ పలచబడుతుంది. బయట మెరిసే సన్నటి వలయంలా కనబడుతుంది, ఒక్కోసారి కనబడదు కూడా. కొన వంచిన సన్నటి తీగను లోపలికి దింపి గోడ వెంట గీస్తే ఆ పల్లం తీగకు తగులుతుంది. అది తగిలితే ఇక ఆలోచించేది లేదు, పారేయాలి. కొత్తవి కొనుక్కుంటే ఖర్చే గానీ, ఒక్కొక్కటి ఎన్నోసారి కాలుతోందో లెక్క రాసుకోవచ్చు. వాడు ఇంకా నేర్చుకుంటున్నాడు కాబట్టి నా మొగ్గు రెండోవైపు. ఏరుకొచ్చినవి చేతికి పని అలవాటు చేసుకోవడానికి వాడుకోవచ్చు, తుపాకీ మందు పోయకుండా.

ఐదో ఫోటో, ఏడో ఫోటో గుండును, అంటే తూటా నుంచి దూసుకెళ్ళే ముక్కను, మూతిలో కూర్చేటప్పుడు పాడైనవి. మెడ ఒక పక్క నిలువుగా ముడత పడింది. గుండు ఇరుకైన మూతిలోకి దిగేటప్పుడు అంచు తగులుకుని మెడ నలిగిపోతుంది. గొట్టాన్ని పొడవుకు కోసుకున్నాక మూతి లోపలి అంచును ఆకురాయి పెట్టినట్టు వాలుగా గీరుకోవాలి. మీ అబ్బాయి ఆ పని చేస్తున్నాడా అడగండి. మెడ లోపలి కొలత గుండు కొలతకంటే ఒక్క రవ్వ, సుమారు 0.05 మిల్లీమీటర్లు మాత్రమే, తక్కువ ఉంటే సాధారణంగా సరిపోతుంది. అంతకంటే బాగా బిగుతైతే ముడత ఖాయం. గుండు కూర్చే డైని మరీ కిందికి బిగించినా ఇదే జరుగుతుంది. దాని లోపల మూతిని నొక్కే మెట్టు ఒకటి ఉంటుంది, అది అవసరం లేనప్పుడు కూడా మూతిని పట్టుకుని కిందికి తోసి భుజాన్ని ఉబ్బిస్తుంది. గొట్టాల పొడవులు తేడాగా ఉంటే కొన్నిటికే ఇలా అవుతుంది, అందుకే కారణం దొరకక తికమకపడతారు. .308 గొట్టం గరిష్ఠ పొడవు 51.18 మిల్లీమీటర్లు. పది గొట్టాలు వరసగా కొలిచి రాసుకుని మీకు పంపమనండి. ఏవి నలిగాయో వాటి పక్కన గుర్తు పెట్టమనండి. పొడుగువే నలుగుతుంటే జవాబు మీ కళ్ళముందే ఉంటుంది.

ఇక ఎనిమిదో ఫోటో. ఇదొక్కటే నన్ను ఆపింది. మెడ అంతా మసి, ఆ మసి భుజం దాకా దిగింది, పక్కన సొట్ట. ఇది నూనె వల్లా కాకపోవచ్చు, దెబ్బ వల్లా కాకపోవచ్చు. కాల్చిన క్షణంలో మెడ ఉబ్బి గది గోడను మూయలేదు, గ్యాసు బయటి నుంచి వెనక్కి వచ్చి ఇత్తడిని లోపలికి నొక్కి ఉంటుంది. మెడ బిగుసుకుపోయి ఉబ్బకపోయినా ఇలా కావచ్చు, మందు సరిపోక ఒత్తిడి తక్కువైనా కావచ్చు. అయితే మందు కాస్త ఎక్కువ పోస్తే సరి అని మీరు గానీ వాడు గానీ అనుకోకండి. తక్కువా ప్రమాదమే, ఎక్కువా ప్రమాదమే. మందు తయారుచేసే కంపెనీలు అచ్చువేసిన లెక్కల పుస్తకంలో ఏ గుండుకు ఏ మందు ఎంత అని ఉంటుంది. వాడు దాన్నే అనుసరించాడో లేదో తూకం సహా సరిచూసుకోవాలి. రేంజిలో ఏళ్ళుగా ఈ పని చేస్తున్నవాళ్ళు ఉంటారు, ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని చూపించుకోవాలి. అది తేలేదాకా ఆ విడతలో నింపినవి ఒక్కటి కూడా కాల్చకూడదు. అన్నా, ఇదే ఆ గీత. ఇత్తడి మీది, మందు మీది కాదు. మందు గురించి వాడు అడిగితే "అది నాకు తెల్వదు బిడ్డా" అనండి. ఇన్నేళ్ళ తరువాత అడిగిన కొడుకు దగ్గర ఆ మాట అనడం కష్టమే. కానీ మీకు తెలిసినచోట మీ మాటకు బరువు ఉండాలంటే ఇక్కడ ఆ మాట అనాల్సిందే.

కాల్చి మెత్తబరచడం గురించి ఇంకా మిగిలి ఉంది. మొత్తం గొట్టం కాల్చకూడదు గానీ మెడ ఒక్కదాన్నీ కాల్చుకోవచ్చు, చాలామంది చేస్తారు. డైలో నలిగి, కాల్చినప్పుడు ఉబ్బి, మళ్ళీ నలిగి మెడ బిగుసుకుపోతుంది. మీ సుత్తి కింద రేకుకు జరిగేదే. వాడికి మూడు దారులున్నాయి. ఒకటి, మెడకు అసలు సెగ పెట్టకుండా కొన్నిసార్లు వాడి పారేయడం. గొట్టాలు త్వరగా పోతాయి, కానీ పొరపాటుకు తావు తక్కువ. రెండు, కరెంటు తీగచుట్టతో మెడను మాత్రం క్షణాల లెక్కన వేడిచేసే యంత్రం కొనడమో, అది ఉన్నవాళ్ళ దగ్గర చేయించుకోవడమో. ఖరీదు ఎక్కువ, ఫలితం అన్నిటికీ ఒకేలా వస్తుంది. మూడు, గ్యాసు మంట. ఇక్కడ మీ కన్ను పనికొస్తుంది, కానీ మీ అలవాటు మోసం చేస్తుంది. మీరు కొలిమిలో ఎరుపు చూసి ఆపుతారు. ఇక్కడ ఎరుపు వెలుతురులో కనబడిందంటే అప్పటికే ఎక్కువైనట్టు. మంట పెట్టే సమయం కొన్ని క్షణాలే కాబట్టి మెడ దాదాపు 400 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి, అడుగు వైపు 250 దాటకూడదు. ఆ వేడి తగిలితే కరిగే రంగుపూతలు అక్కడ దొరుకుతాయి, మెడ లోపల ఒకటి, పొట్ట మీద ఒకటి రాసుకుని చూసుకోవచ్చు. పాతకాలం పద్ధతి ఇంకా సులువు. పళ్ళెంలో నీళ్ళు పోసి గొట్టాలను సగానికి పైగా మునిగేలా నిలబెట్టి, మెడకు మాత్రం సెగ చూపించడం. అడుగుకు నీళ్ళు కాపలా. ఇందులో మెడ చుట్టూ సెగ సమంగా తగలడం కష్టం. మరీ ఎక్కువ కాల్చిన మెడ సీసంలా మెత్తబడి గుండును పట్టుకోదు, దాన్ని వెనక్కి తేవడం సాధ్యం కాదు. ప్రైమర్ (అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న మూత) ఉన్నదాన్నీ, నింపినదాన్నీ మంట దగ్గరకు తేకూడదు. మందు డబ్బాలు మంట పెట్టే గదిలోనే ఉండకూడదు.

మీలాంటివారికి చెప్పడానికి నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. 19వ శతాబ్దంలో మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైన్యం తూటాలకు వానాకాలంలో మెడ దగ్గర పగుళ్ళు వచ్చేవి. కాల్చకుండానే, పెట్టెలో ఉన్నవి ఉన్నట్టే. ఆ రోగానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. ఆ సీజన్ మన వానాకాలమే. కారణం 1921లో తేలింది. తూటాలను గుర్రాల శాలల్లో దాచేవారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా వానాకాలపు చెమ్మతో కలిసి ఇత్తడి మీద పనిచేసింది. గుండు చుట్టూ బిగించి నొక్కిన మెడలో అప్పటికే లోలోపల బిగువు ఉంది. బిగువూ అమ్మోనియా రెండూ కలిసినచోట ఇత్తడి చీలింది. సెగ పెట్టి ఆ బిగువు తీసేస్తే పగలడం ఆగింది.

ఇది చరిత్ర కోసం చెప్పలేదు. చల్లగా ఉన్నప్పుడే సొట్ట సరిచేసిన మెడలో అదే బిగువు మిగులుతుంది. మీ అబ్బాయి గొట్టాలను మెరిపించడానికి ఏం వాడుతున్నాడో అడగండి. అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్ అయితే వెంటనే మానేయమనండి. అక్కడ చాలామంది నీళ్ళలో చిటికెడు నిమ్మఉప్పు వేసి కడుగుతారు. మీ ఇంట్లో చింతపండు చేసే పనే అది చేస్తుంది. ఎక్కువసేపు నానబెడితే ఇత్తడి రాగిరంగు తిరుగుతుంది, జింకు పోతోందన్నమాట. అదీ మీరు చూసిందే.

సూట్‌కేసు విషయం. వద్దు. దీనిలో మాత్రం రెండు దారులు చెప్పలేను. మన ఆయుధాల చట్టం 1959లో మందుగుండు అంటే ఏమిటో చెప్పిన నిర్వచనంలో తూటా భాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. ఖాళీ గొట్టం దాని కిందికి వస్తుందా రాదా అని కోర్టులో వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర నడవదు. బ్యాగులో మరిచిపోయి తెలియక తెచ్చినవాళ్ళకు, తెలిసి దగ్గర పెట్టుకుంటేనే నేరం అన్న సూత్రం కోర్టుల్లో అక్కరకొచ్చింది. 1972లో సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. మీ అబ్బాయి తెలిసే తెస్తాడు. పండగ సెలవులు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడానికి పోతాయి, వాడి వీసాకు ఎక్కడ మచ్చ పడుతుందో చెప్పలేం. మీరు కూడా ఇక్కడ సరదాకైనా తూటా పని ఏదీ చేయకండి. లైసెన్స్ లేకుండా తయారీ, మార్పు, మరమ్మతు ఏదీ ఇక్కడ కుదరదు. అక్కడ సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కరలేదు, అందుకే వాడికి ఇది మామూలు విషయంలా కనిపిస్తోంది.

చేత్తో పట్టుకుని చూడాలన్న మీ కోరిక నాకు అర్థమైంది. ఫోటోలో బరువు తెలియదు, మోత వినబడదు. వరంగల్‌లో హార్డ్‌వేర్ షాపులో పలచటి ఇత్తడి గొట్టం దొరికితే జానెడు కొనండి. వాడు పండక్కి వచ్చినప్పుడు దాని మూతికి చెక్క సుత్తితో సొట్ట పెట్టి, కడ్డీ మీద తీసి చూపించండి. పది సార్లు నొక్కి తీస్తే ఎక్కడ బిగుసుకుంటుందో, తడితే మోత ఎలా సన్నబడుతుందో వాడి చెవికి వినిపించండి. తరువాత సెగ చూపించి మళ్ళీ తట్టి వినమనండి. మీ మోకాళ్ళకు కింద కూర్చోవడం కష్టమైతే దాగలిని బల్ల మీద పెట్టుకోండి. వాడినీ కొట్టనివ్వండి.

మీ ఇంటావిడ మాట. ఆమె కోపాన్ని మీరు ఆడవాళ్ళ భయం అనుకుని పక్కన పెట్టినట్టు ఉత్తరంలో ఒకచోట అనిపించింది. ఆమె అడిగింది ఉన్నవాటిలో ముఖ్యమైన ప్రశ్న. టెక్సస్ చట్టంలోనే 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి లోడైన తుపాకీ అందేలా వదిలేయడం నేరం. తుపాకీ ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో ఉందా, తూటాలు వేరేచోట తాళంలో ఉన్నాయా, తాళం చెవి ఎవరి దగ్గర? ఇవి వాడు మీకు కాదు, తల్లికి నేరుగా చెప్పాలి. ఆమెకు కూడా తట్టని సంగతి ఒకటుంది, సీసం. తూటా ప్రైమర్లలో మామూలుగా సీసం ఉంటుంది. కాల్చిన గొట్టాలను పొడిగా దొర్లించి శుభ్రం చేస్తే లేచే దుమ్ములో అది ఉంటుంది. చిన్నపిల్లల ఒంట్లో ఇంత ఉన్నా ఫరవాలేదు అనదగ్గ సీసం మోతాదు లేదు. మనవరాలు ఆ గ్యారేజీలో అడుగుపెట్టకూడదు. దుమ్ము లేవకుండా నీళ్ళలోనే కడగాలి, ఆ నీళ్ళు వంటింటి సింకులో పోయకూడదు. ఆ బట్టలతో, ఆ చేతులతో పిల్లను ఎత్తుకోకూడదు. ఇవన్నీ కుదరకపోతే ఇంట్లో ఈ పని మానేసి ఫ్యాక్టరీ తూటాలు కొనుక్కోవడమే మేలని వాడికి చెప్పే హక్కు ఆమెకూ ఉంది, మీ కోడలికీ ఉంది. కోడలు ఏమనుకుంటోందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఒకసారి అడగండి.

తుపాకీ వద్దని వాడికి గట్టిగా చెప్పి ఈ సంభాషణే ఆపేయడం కూడా మీ ముందున్న దారే. వాడు మానేయకపోవచ్చు, మీకు చెప్పడం మానేస్తాడు. ఎనిమిదో ఫోటో లాంటిది ఇంకొకటి వస్తే చూసే కన్ను ఒకటి తగ్గుతుంది. కాబట్టి నేనైతే ఆ దారి ఎంచుకోను. కానీ మీ నిద్ర, మీ ఇంట్లో మాటలు నాకంటే మీకే తెలుసు.

మీకు శనివారం రాత్రి ఎనిమిదైతే వాడికి ఇప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. వాడు గ్యారేజీలోకి వెళ్ళకముందే ఫోన్ చేయండి, స్పీకర్ పెట్టి మీ ఇంటావిడను పక్కన కూర్చోబెట్టుకోండి. "మొన్న నేను చెప్పింది తప్పు, మొత్తం కాల్చకు" అని మొదలుపెట్టండి. తరువాత డై విప్పించి, ఆ గాలి రంధ్రం కెమెరాకు చూపించమనండి.